రికార్డులో కుడికాలు

సిపాయి తాత పొద్దున్నే కళ్లు తెరవగానే కుడికాలి బొటనవేలు గిల్లుకుంటాడు. చురుక్కుమంటే "ఉన్నావురా నాయనా!" అని నవ్వి, అప్పుడు ఊతకర్ర అందుకుంటాడు. యుద్ధంలో మందుపాతర పేలి ఆయనకి పోయింది ఎడమకాలు. సర్కారు రికార్డులో మాత్రం కుడికాలు పోయినట్టుంది. పెట్టుడుకాలు కోసం అర్జీ పెట్టి ఆరేళ్లు తిరిగితే, చివరికి కుడికాలే పంపారు. అది పెట్టెలోనే మంచం కింద పడి ఉంది.

దాన్ని మార్పించుకోవడానికి ఆఫీసుకి వెళ్లి, ప్యాంటు పైకి మడిచి మోడు చూపించాడు. గుమాస్తా కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు.

"ఇందులో మీ ఎడమకాలు భేషుగ్గా ఉంది తాతా."

"అయితే దాన్నే ఇప్పించు బాబూ, తొడుక్కుని పోతా!"

వరసలో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. గుమాస్తా నవ్వలేదు. "కంగారు పడకండి. రికార్డుకీ మనిషికీ తేడా వస్తే, కొన్నాళ్లకి అదే సర్దుకుంటుంది" అన్నాడు, ఎంతో మెత్తగా.

ఆ మర్నాటి నుంచే ఈ గిల్లుకోవడం. ఈ పొద్దున గిల్లితే చురుక్కుమనలేదు. గోరు దిగేదాకా గిల్లాడు.

"అయ్యో మామయ్యా, రక్తం!" అని కాఫీ తెచ్చిన కోడలు కేకేసింది.

తాత వేలికేసి చూడనేలేదు. "మంచం కింద పెట్టె ఇలా లాగమ్మా," అన్నాడు. "కొలత సరిపోతుందో లేదో చూద్దాం."