ఇద్దరికీ ఒకే ముంత

నిన్న హిందూపురంలో కొత్త బారు గుమ్మం దగ్గర కల్లుముంతలో ప్లాస్టిక్ పూలు పెట్టి ఉండటం చూశాను. పెనుకొండ దారిలోని ఈతకల్లు అంగడి గుర్తొచ్చింది. మన ఈడువాళ్ళకు జ్ఞాపకం ఉంటుంది కదా? పుల్లటి వాసన, తడి ఇసుకలో ముంతలు, వేయించిన శనక్కాయలు. మన చిన్నప్పుడు మాటలు మానుకున్న ఇద్దరు అక్కడికొస్తే, ఎంతటివాళ్ళకైనా ఒకే ముంత ఇచ్చేవాళ్ళు. మా నాయనకూ చిన్నాయనకూ బావినీళ్ళ తగవు అలాగే తీరింది.

తొంభైల్లో, పొలం గట్టు విషయమై చిన్నాయన కొడుకు ఓబులేసూ నేనూ చాన్నాళ్ళు మాట్లాడుకోలేదు. ఒకరోజు ఆ అంగడికి పోయాను. అప్పటికే జనమంతా ధర్మవరం బార్లకు మళ్ళారు. అంగట్లో కల్లు పోసే ముసలి గంగన్న, మూలన ఓబులేసు, అంతే. వెనక్కి తిరిగాను.

“ఏమప్పా, యాడికి పోతాండావు? ఈడ కూచో,” అని గంగన్న మా మధ్య ఒకే ముంత పెట్టాడు.

“ఇంగో ముంత ల్యాదా?” అన్నాడు ఓబులేసు.

“రేపట్నుంచి అంగడే ఉండదు. ఈయప్పకు ఇంగో ముంత కావల్లంట!”

ఓబులేసు ఒక గుక్క తాగి ముంత నావైపు జరిపాడు. “బాగా పులిసిండాది రా,” అన్నాడు.

“ఊ,” అన్నాను. తగవు తీరింది.

నిన్న ఆ బారు కిటకిటలాడుతోంది. లోపల నా కొడుకు ఒక టేబులు దగ్గర, ఓబులేసు కొడుకు ఇంకో టేబులు దగ్గర. వాళ్ళకూ మాటల్లేవు. పూలు తీసి ఆ ముంత ఇమ్మని అడగాలనుకున్నాను. నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. వాళ్ళిద్దరూ ఫోనులో ఈ పోస్టులు చదువుతుంటారు.