రచయిత గారికి పూటకో పేజీ

మొన్న మంగళవారం పొద్దున మా మేనత్త పోయిందని కబురొచ్చింది. అమలాపురం ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నదాన్ని ఉన్నట్టే బస్సెక్కాను. సమాధి దగ్గర పాస్టరు గారు ఆవిణ్ణి నెమ్మదైన మనిషన్నారు. అందరూ తలూపారు. మా అత్త పగబట్టిందంటే పట్టిందే. అది చెప్పకపోతే ఆవిడ గురించి ఏమీ చెప్పనట్టే.

ముమ్మిడివరం దగ్గర మా ఊళ్ళో, ఇంటి దగ్గరే సూదులు వేసి పురుళ్ళు పోసే నర్సు ఆవిడ. తొంభైల మొదట్లో మా ఊరి కొబ్బరితోటల ఆసామీ ఒకాయన పుస్తకాల అద్దె షాపులకి పాకెట్ నవలలు రాసేవారు. ప్రతిదాంట్లోనూ మగాళ్ళని వలలో వేసుకుని చంపే సుందరి ఒకతి ఉండాల్సిందే. ఒక నవలలో ఆ సుందరి నర్సయి, సూదిమందుతో చంపేది. తెల్లచీర, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ, సైకిలు. మూడూ మా అత్తవే. ఆయనకి ఆవిడ మీద కోపమేమీ లేదు. కథ తట్టక కూర్చుంటే ఎదురుగా సైకిలు మీద వెళ్ళిందట. అంతే!

మగాళ్ళు నవ్వుకున్నారు. ఆడవాళ్ళు నవ్వలేదు, అత్త దగ్గరికి రావడం మానేశారు. నెలలు నిండిన పిల్లని మా ఇంటి ముందునుంచే రిక్షాలో పట్నానికి తీసుకుపోయారు. అత్త నీళ్ళు కాచి పెట్టుకుని కూర్చునే ఉంది. ఆ మొహం నేను మర్చిపోను. జనం తిరిగి రావడానికి ఏళ్ళు పట్టింది. వచ్చాక కూడా, చదువు రానివాళ్ళకి సైతం మందు సీసా మీద పేరు చూపించాకే అత్త సూది వేసేది.

తర్వాత రచయిత గారికి షుగరొచ్చింది. రెండు పూటలా ఇన్సులిన్. ఆయనకి చేతులు వణుకు, ఇంట్లోవాళ్ళకి సూదంటే భయం. అత్త దగ్గరికి రాక తప్పలేదు. అత్త నొప్పి తెలియకుండా వేసింది. వేశాక ఆ నవల తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఒక పేజీ చదవండి రచయిత గారూ. కాస్త గట్టిగా."

అరుగు మీద పదిమంది ఉన్నారు.

"ఇప్పుడెందుకు నర్సమ్మ గారూ అదీ..."

"సాయంత్రం మళ్ళీ వస్తారు కదండీ."

"ఆయ్" అని చదివారు. పూటకో పేజీ. మధ్యలో అత్త దిద్దేది: "ఆ మందుకి మనిషి అంత తొందరగా చావడండీ. నన్నడిగుంటే చెప్పేదాన్ని కదా!" అరుగంతా నవ్వు. పుస్తకం అయిపోతే మళ్ళీ మొదటి పేజీ.

సూది పట్టడం నాకు నేర్పింది ఆవిడే. "పనిలో పగ కలపకే అమ్మాయ్. పనయ్యాక ఎంతైనా తీర్చుకో" అనేది. ఇవాళ నేను తింటున్న అన్నం ఆవిడ పెట్టిన భిక్షే.

సమాధి కార్యక్రమం అయిన సాయంత్రం రచయిత గారు మా అరుగెక్కారు. ఆ పూట సూది నేను వేశాను. ఆయన లేవలేదు. పుస్తకం అడిగి తీసుకుని చివరి పేజీ తిప్పారు. అందులో హీరో ఆ నర్సుని, రేవు దాటించే పంటు మీంచి గోదాట్లోకి తోసేస్తాడు. ఆయన గొంతు సవరించుకుని చదివారు: పంటు ఒడ్డుకి చేరిందట, ఆవిడ దిగి క్షేమంగా ఇంటికి వెళ్ళిపోయిందట.

వింటున్నవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

"అలా కాదండీ. మీరు రాసింది చదవండి."

ఆయన నాకేసి చూశారు. నేను చూపు తిప్పుకోలేదు. వేలు పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, అందరూ వింటుండగా, ఆవిణ్ణి మళ్ళీ గోదాట్లోకి తోశారు.