చీపురు పుల్లల సముద్రం

మా జొరెలిక్ తాతకు ఏ సంగతైనా నోటితో చెప్పడం చేతకాదు. చీపురు పుల్లలతో కట్టి చూపించాల్సిందే.

ఐలుక్ దీవిలో మా ఇంటికి గుర్తు బోడి చీపురు. లిబోన్ అవ్వ కొబ్బరాకులు చీరి, ఈనెలు తీసి, ఎండబెట్టి పొద్దున చీపురు కడితే సాయంత్రానికి అందులో సగం ఈనెలు తాత కట్టే సముద్రపు పటాల్లోకి ఎక్కేసేవి. వంచి కట్టిన ఈనె ఒక అల. దానికి అడ్డం పడే ఈనె ఇంకో అల. మధ్యలో బిగించిన గవ్వ ఒక దీవి. ఇలాంటి పటాలు ఒడ్డునే కూర్చుని నేర్చుకోవాలి తప్ప పడవలోకి తీసుకెళ్లకూడదు. అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని, "సముద్రమంతా కట్టేశావుగా, ఇక వాకిలి నీ గడ్డంతో ఊడ్చు" అనేది.

ఒకసారి కుక్క కరిచినవాడొకడు కుంటుకుంటూ వచ్చి నర్సు ఇల్లెక్కడని అడిగాడు. ఆ ఇల్లు వాడి వీపు వెనకే ఉంది. తాత వాణ్ణి కూర్చోబెట్టి పుల్లలు వంచడం మొదలుపెట్టాడు. పటం పూర్తయ్యేలోపు అదేమిటో చూద్దామని నర్సే వచ్చి, పనిలో పనిగా కట్టు కట్టి పోయింది.

అవ్వకూ ఆమె చెల్లెలికీ బ్రెడ్‌ఫ్రూట్ చెట్టు దగ్గర తగవు వచ్చినప్పుడూ అంతే. తాత రెండు పుల్లలు ఒకదాని మీదికి ఒకటి వంచి, మధ్యలో గవ్వ పెట్టి, "ఇది నువ్వు, ఇది మీ చెల్లి, నలిగేవాణ్ణి నేను" అన్నాడు.

"నేనింత వంకరగా ఉంటానా?" అంది అవ్వ.

"నీలో కోపం ఒక్కటే కట్టాను. మిగతాది దీనికి అక్కర్లేదు, వదిలేశాను."

ఆ వదిలేయడంలోనే తాత విద్యంతా ఉందని అప్పుడు మా మనవల్లో ఒక్కడికీ తట్టలేదు. మేం వెనకాల నవ్వుకున్నాం. ఎందుకంటే తాత తన దగ్గర పడవ నడపడం నేర్చుకునే ఏ ఇద్దరు శిష్యులకూ ఒకే పటం ఇచ్చేవాడు కాదు. ఒకడి దాంట్లో పదకొండు గవ్వలుంటే ఇంకొకడి దాంట్లో ఏడు. దీవులేమన్నా కోడిపిల్లలా, రోజుకొకటి తప్పిపోవడానికి?

అసలు గొడవ ఆల్డన్ పరీక్షతో వచ్చింది. ఆల్డన్ మా పెద్దమ్మ కొడుకు. నెమ్మదైనవాడు, పడవ అంటే ప్రాణం. మేజిట్ దీవి దాకా వెళ్లి, అక్కడి మొగలి పండు ఒకటి తెచ్చి మా దీవుల పెద్ద అయిన ఇరోజ్ చేతిలో పెడితే వాడు పడవకు పెద్ద అవుతాడు. లేకపోతే జీవితాంతం పడవలో నీళ్లు తోడడమే.

బయల్దేరే ముందురోజు మోర్లిన్ టీచరమ్మ ఆల్డన్ పటం చూసింది. నాలుగంటే నాలుగు పుల్లలు, రెండు గవ్వలు. ఆమె పరుగున వెళ్లి బడి గోడ మీది పటం ఊడబీక్కొచ్చి ఇరోజ్ ముందు పరిచింది. మా దీవుల వరస చివర మూడు చిన్న దీవులున్నాయి. బయటికి వెళ్లే ప్రతివాడూ వెనక్కి తిరిగి, ఆ మూడూ వరసలో ఉన్నాయో లేదో చూసుకుని దారి సరిచేసుకుంటాడు. ఆ మూడూ తాత పటంలో లేవు.

"ముసలాయన మరిచిపోతున్నాడు దొరా. మనుషుల ప్రాణాలతో ఆట ఇది" అంది టీచరమ్మ.

అందరూ తాత వైపు తిరిగారు. ఆల్డన్ ముఖం పాలిపోయింది. తాత వాడి వైపు ఒక్కసారి చూసి, తల గోక్కున్నాడు.

"అవును దొరా, వయసైంది. మరిచాను. కానీ వాడు మరవలేదు. పడవలో వెల్లకిలా పడుకుంటే ఏ అల ఏ పక్క నుంచి కొడుతుందో వాడి వీపుకు తెలుసు. వెళ్లనివ్వండి."

ఇరోజ్ ఒప్పుకున్నాడు. నాలుగు రోజుల్లో పండు రాకపోతే వెతకడానికి మోటారు పడవ పంపుతానన్నాడు. అలా పంపాల్సి వస్తే ఆ తర్వాత జొరెలిక్ పుల్ల ముట్టుకోకూడదన్నాడు. అవ్వ ఆ పూట తాతను ఒక్క మాటా అనలేదు. అది చూసి మాకు నిజంగా భయం వేసింది.

మూడో రోజు మధ్యాహ్నం ఎవరో కొబ్బరిచెట్టు మీంచి తెరచాప కనబడిందని కేక వేశారు. ఊరు ఊరంతా ఒడ్డుకు పరుగెత్తింది. వండుతున్నవాళ్లు గరిటెలతోనే వచ్చారు. తెరచాప చూసుకోవడానికి ఆల్డన్‌తో వెళ్లిన ఇద్దరూ పగడపు రాళ్ల మధ్య నుంచి పడవను లోపలికి తెచ్చారు. ఆల్డన్ ఇసుకలోకి దూకాడు. వాడి చంకలో తలకాయంత మొగలి పండు!

పెద్దల ముందు నడిచినట్టే వాడు సగానికి వంగి, తిన్నగా ముందుకొచ్చి, పండు కింద పెట్టి, "ఇరోజ్ దొరా, తెచ్చాను" అన్నాడు.

వాడు మొక్కింది వాననీళ్లు పట్టే నీలం పీపాకు. ఎవరో దాని మీద చాప ఆరేశారు. ఇరోజ్ పది అడుగుల అవతల కూర్చుని ఉన్నాడు.

ఎవరి గొంతులోనో నవ్వు కిచకిచమంటుండగానే తాత గబగబా వచ్చి, ఆల్డన్ పక్కన నిలబడి, పీపాకు నడుం వంచాడు.

"పాత ఆచారం దొరా. ఉప్పునీళ్ల మీంచి వచ్చినవాడు ముందు మంచినీళ్లకు మొక్కాలి. మనుషులు తర్వాత."

"నాకెవరూ చెప్పలేదే" అన్నాడు ఇరోజ్.

"తమరెప్పుడూ విమానంలోనే వచ్చారు కదా."

టీచరమ్మ ఆల్డన్ కళ్ల వైపు చూసింది. ఆ కళ్లు చిట్లించుకుని ఇంకా పీపానే చూస్తున్నాయి. పటంలో లేని మూడు దీవులూ ఆమెకు అప్పుడు కనబడ్డాయి. దూరం ఆనని వాడి కళ్లకు ఎలాగూ కనబడనివి పటంలో పెట్టి వాణ్ణి కంగారు పెట్టడం ఎందుకని తాత తీసేశాడు. వీపుకు అందేవి మాత్రం ఉంచాడు. ఆ సంగతి బయటపెట్టడం కంటే మతిమరుపు ముసలాయన అనిపించుకోవడమే నయమనుకున్నాడు.

టీచరమ్మ వచ్చి పీపా ముందు వంగింది. ఆమె వెనకాల బడి పిల్లలు. వాళ్ల వెనకాల, గరిటె పట్టుకున్నవాళ్లతో సహా, ఊరంతా.

ఇక తప్పక ఇరోజ్ కూడా లేచి వచ్చి, తాత పక్కన భారంగా నడుం వంచాడు. కాసేపటికి గొంతు తగ్గించి, "జొరెలిక్, ఎంతసేపు వంగాలోయ్?" అని అడిగాడు.

"పీపా చాలనేదాకా దొరా."