కుంచం దెబ్బ

నా మనవరాలు రాజాంలో ఇంజనీరింగ్ చదువుతూ, చెవులు అదిరిపోయే డీజే పాటలు కడుతుంది. కాలేజీ పోటీకి రెండు రోజుల ముందు తన పాట నాకు వినిపించింది.

"నిన్న నీ నేస్తాలవి మూడు పాటలు ఇనిపించేవు. అన్నింట్లోనూ ఇదే దెబ్బున్నాది," అన్నాను.

దాని ముఖం వాడిపోయింది. ఎవరో రికార్డు చేసి అమ్మే చప్పుళ్ల మూటను శాంపిల్ ప్యాక్ అంటారట. అందరూ ఒకే ప్యాక్ కొన్నారట.

నేను మళ్లీ విత్తనాల ధాన్యం కొలవడంలో పడ్డాను. ఇనప కుంచాన్ని రేకు డబ్బాలో బోర్లించి ఠపీమని కొట్టగానే అది ఫోనుతో పరుగెత్తుకొచ్చింది.

"మళ్లీ కొట్టు మామ్మా!"

కొట్టాను. ధాన్యం కొలిచేటప్పుడు మేము ఒకటి అనం, లాభం అంటాం. అలవాటు కొద్దీ "లాభం!" అని గట్టిగా అనేశాను.

"పాడుసేసేనే. నా గొంతు తీసెయ్యి."

"తీసెత్తానేటి? ఇలాటిది ఏ ప్యాక్‌లోనూ ఉండదు!"

పోటీ నాడు స్పీకర్లలోంచి నా గొంతు "లాభం!" అని ఉరిమింది. వెంటనే కుంచం దెబ్బలు గుండెల మీద పడ్డాయి. నా గొంతు మళ్లీ "లాభం!" అనగానే పిల్లలంతా "రెండు!" అని లెక్క అందుకున్నారు. మనవరాలు వేదిక మీద గెంతుతోంది. కింద నేనూ గెంతాను. పదిహేడు దాకా పిల్లలతో కలిసి అరిచాను, ఆ తర్వాత లెక్క తప్పాను.