ఓబుళమ్మకు వేరే వండిన కూర

చెనక్కాయల మూట ఎత్తి పది అడుగులు వేసి, దాన్ని దించి దానిమీదే కూర్చుంది నా భార్య ఓబుళమ్మ. పెళ్లయిన ఇరవై ఏళ్లలో పని మధ్యలో ఆమె కూర్చోవడం నేను చూడలేదు.

"ఏమ్మే, మూటను నువ్వు మోస్తాండావా, మూటే నిన్ను మోస్తాండాదా?"

"నవ్వించద్దయ్యా, ఊపిరి ఆడలే."

వారానికి పాదాలు ఉబ్బాయి. అనంతపురం తీసుకెళ్లాను. ఈసీజీ, ఎక్స్‌రే, చివరికి ఎకో తీశారు. "గుండె పంపింగ్ బాగా తక్కువ. హార్ట్ ఫెయిల్యూర్ అంటాం" అంది డాక్టరమ్మ.

"నేనూ ఐదో తరగతిలో ఫెయిలే మేడమ్, బతకలేదా?" అన్నాను. ఆమె నవ్వలేదు. "మాత్రలు నేనిస్తాను. ఉప్పు మీ చేతిలో ఉంది. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి నీళ్లొస్తాయి."

కళ్యాణదుర్గం బస్టాండు హోటల్లో బజ్జీలు వేయించే చేయి నాది. అదే చేత్తో ఇంట్లో ఆమెకు వేరే కూర మొదలుపెట్టాను. చెంచాడు నూనె, ఉప్పు బదులు నిమ్మరసం, వెల్లుల్లి, కాల్చిన వంకాయ. మిగతా అందరికీ ఉప్పు దండిగా మామూలు కూరే, పైన నూనె తేలాల్సిందే. నెలకు వాపు దిగింది. నా వంటకు గుండె కూడా లొంగిందని హోటలంతా చెప్పుకున్నాను.

మూడో నెలలో ఆయాసంతో అడ్మిట్ చేశారు. ఒంట్లో నీరు తీసే లాసిక్స్ ఇంజెక్షన్లు ఇచ్చి పంపారు. కొన్నాళ్లకే మళ్లీ అదే ఆయాసం, అదే వార్డు. "ఉప్పు వేస్తున్నారా?" అని డాక్టరమ్మ అడిగితే లేదని ఒట్టేశాను.

అప్పుడు మా కూతురు జయ నన్ను వార్డు బయటికి పిలిచింది. "నాయనా, నువ్వు హోటలుకు పోయినాక అమ్మ నీ కూర తిని, మా సట్టిలో మిగిలిందాంట్లో కూడా అన్నం కలుపుకుంటాండాది."

మా వైపు ఆడవాళ్లు అందరూ తిన్నాక, ఖాళీ అయిన కూరసట్టిలోనే అన్నం వేసి, అంటినదంతా తుడుచుకుని తింటారు. మా అమ్మా అంతే. వంటవాణ్ణయ్యుండీ నాకది తట్టలేదు.

లోపలికి వెళ్లి ఎందుకు తిన్నావని అడిగాను.

"వానల్లేక చెనక్కాయ పండలే. నూనె కొనుక్కొని వండితిమి. దాన్ని కడిగి పారబోయమంటావా?" ఉబ్బిన కాళ్లు దుప్పట్లోకి లాక్కుంటూ అంది, "నాకు వేరే వండితే, ఈ ఇంటికి చుట్టపుదాన్నయినట్లుండాదయ్యా."

ఆ రోజు నుంచి ఇంట్లో ఒకే సట్టి, ఉప్పు లేని ఆమె కూరే. ముందు ఆమె తిన్నాకే నేను హోటలుకు పోయేవాణ్ణి. మా అమ్మ ఒక ముద్ద తిని, "ఇది కూరా, కషాయమా?" అంది. "కషాయమే అత్తా, నీ కొడుకు కొత్త హోటలు పెడతాండాడు" అంది ఓబుళమ్మ. చాలా రోజులకు నవ్వింది.

ఎనిమిది నెలలు ఆసుపత్రి ముఖం చూడలేదు. తర్వాత గుండే అలసిపోయింది. ఓబుళమ్మ వెళ్లిపోయింది.

మొదటి నుంచే ఒకే కూర వండి ఉంటే ఇంకెన్నాళ్లు ఉండేదని డాక్టరమ్మను అడిగాను. ఆమె పక్క పేషెంటు చీటీలో 'ఉప్పు తగ్గించాలి' అని రాసి, కింద రెండు గీతలు గీసింది.

ఇప్పుడు ఒక వారపత్రికలో నూనె, ఉప్పు తక్కువ వంటలు రాస్తున్నాను. చప్పగా ఉన్నాయని తిడుతూ ఉత్తరాలు వస్తాయి. ఆ ఉత్తరాల్లో మాత్రం కారం బాగానే ఉంటుంది.

నాకు తెలిసింది ఒకటే. రోగికి వేరే వండకండి. ఆ మనిషికి పడేదే అందరూ తినండి. జబ్బు ఇంటి ఆడమనిషికే వస్తే ముందు ఆమెకు వడ్డించి, తిని లేచేదాకా ఎదురుగా కూర్చోండి. నేను కూర్చున్నది ఎనిమిది నెలలే.