దూదిపుల్ల చూపిన కోణం

ఎనభైల మొదట్లో నేను కువైట్‌లో ఒక స్త్రీల ఆసుపత్రిలో నర్సుని. దగ్గినా, బరువెత్తినా మూత్రం జారిపోయే ఆడవాళ్లకు అక్కడ ఒక పరీక్ష చేసేవారు. మూత్రద్వారంలోకి సన్నటి దూదిపుల్ల పెట్టి ముక్కమనేవారు. లోపలి నాళం పట్టు తప్పి ఉంటే పుల్ల బయటి కొస పైకి లేస్తుంది. ఎంత లేచిందో బడిపిల్లల కోణమానినితో కొలవాలి. ముప్ఫై డిగ్రీలు దాటితే ఆపరేషన్ మాట ఎత్తేవారు.

ఈ కొలతను ఎంతవరకు నమ్మొచ్చని మా డాక్టరమ్మలిద్దరికీ పేచీ వచ్చింది. తేల్చుకోవడానికి ఒకే మనిషిని అరగంట తేడాతో ఇద్దరూ విడివిడిగా కొలవడం మొదలుపెట్టారు. ఒకరి అంకె ఒకరికి తెలియకూడదు. రెండూ కాగితం మీద రాసేది నేను. చూసినదాని గురించి నోరెత్తవద్దని ముందే చెప్పారు. నోరు మూసుకోవడం నాకు చేతకాని విద్యని మా కోనసీమలో అందరికీ తెలుసు. అక్కడ మాత్రం బుద్ధిగా నేర్చుకున్నాను.

ఒకరోజు ఆ ఊరి రిగ్గై పేట నుంచి కడప జిల్లా ఆమె వచ్చింది. ఇంటిపని మనిషి, నలుగురు పిల్లల తల్లి. తివాచీలు ఎత్తినప్పుడల్లా బట్టలు తడుస్తున్నాయని, ఆమె 'మామా' అని పిలిచే యజమానురాలే వెంటబెట్టుకొచ్చింది. ఆవిడ మాట సూటిగా ఉంది. డాక్టరు ఆపరేషన్ అంటే చేయిస్తుంది, లేదంటే ఖలాస్, ఇండియాకు పంపేస్తుంది.

మొదటి పరీక్షప్పుడు యజమానురాలు పరదా అవతలే కుర్చీలో కూర్చుంది. "గట్టిగా ముక్కమ్మా" అన్నాను. ఆమె కళ్లు మూసుకుని ఊపిరి బిగబట్టింది. పుల్ల కదిలీ కదలనట్టు కదిలింది. పది డిగ్రీలు. రెండోసారికి యజమానురాలు కారు దగ్గరికి వెళ్లింది. ఈసారి పుల్ల చివాలున లేచింది, దుప్పటి కూడా తడిసింది. నలభై రెండు.

డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే, ఇందాక ఎందుకు ముక్కలేదని ఆమెను అడిగాను.

"మామా ఆడే కూసోనుండె గదక్కా. ఆయమ్మకు ఇనపడేట్టు ఎట్ల ముక్కేది? నా కాన్పులప్పుడు మా అత్త గడప కాడ కూసోనుంటే మూలగను గూడా మూలగల్యా."

వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా ఏదీ దాచకూడదంటారు. పరదా అవతల అన్నం పెట్టే మనిషి కూర్చుంటే ఏం చెయ్యాలో ఆ సామెత చెప్పదు.

ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మలు అంకెలు చూసుకున్నారు. పుల్ల సరిగా పెట్టలేదని ఒకరు, బల్ల వాలుగా ఉందని ఒకరు వాదించుకుని, చివరికి రెండూ కలిపి సగం చేశారు. ఇరవై ఆరు. ఆపరేషన్ అక్కర్లేదని రాశారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ పది డిగ్రీలు ఆమెవి కావు, పరదా అవతలి కుర్చీవి అని ఒక్క మాట అంటే సరిపోయేది. కొత్త ఉద్యోగం, అక్కడ ఉండనిచ్చే కాగితం, ఇఖామా, ఇంకా చేతికి రాలేదు. భయపడ్డాను. ఆ భయానికి బుద్ధి అని పేరు పెట్టుకున్నాను.

తర్వాతి వారం నుంచి, ఎవరేమనుకున్నా సరే, వెంట వచ్చినవాళ్లను వరండాలోకి పంపేశాను. ఇద్దరి అంకెలూ దగ్గర దగ్గరగా రాసాగాయి. పరీక్ష నమ్మదగినదేనని డాక్టరమ్మలు సంతోషించారు. నాకు మాత్రం ఆ మాట వినబుద్ధయ్యేది కాదు.

ఆ రోజు వెళ్లిపోయేముందు, యజమానురాలు నాలుగడుగులు ముందు నడుస్తుంటే, ఆ కడప ఆమె వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"రెండోసారి నేను సరిగ్గానే ముక్కినా గదక్కా?"

"సరిగ్గానే ముక్కావమ్మా" అన్నాను.