ఎర్రనీళ్ల తొట్టి

నిన్న మా అమ్మాయి చదివే బడిలో సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టారు. తల్లిదండ్రులు తప్పకుండా రావాలని మెసేజ్ పంపితే వెళ్లాను. వెళ్లి కూర్చున్నాక చూద్దును కదా, ముందు వరుసలో మా తోడికోడలు. పట్టుచీర, జడ నిండా మల్లెపూలు. నన్ను చూసి మొహం అటు తిప్పుకుంది. నేను అంతకంటే ముందే తిప్పుకున్నాను. ఆ పందెంలో ఇన్నేళ్లలో ఒక్కసారీ ఓడలేదు. ఇంతలో ఆమె కొడుకు, నూనూగు మీసాల తొమ్మిదో తరగతి పిల్లవాడు, బల్ల మీద గాజు గిన్నె పెట్టి, నీళ్లలో పసుపు కలిపి, చిటికెడు సున్నం వేశాడు. నీళ్లు ఎర్రబడ్డాయి. అందరికంటే గట్టిగా ఆమే చప్పట్లు కొట్టింది. నా ఒళ్లు భగ్గుమంది. ఇవే ఎర్రనీళ్లను చూసి ఆమె ఒకప్పుడు నన్ను మా గల్లీ మొత్తానికీ మంత్రగత్తెను చేసింది.

అప్పట్లో మావి రెండు కాపురాలు, ఒకటే వాకిలి. అన్నదమ్ములిద్దరిదీ రైతుల పసుపు అమ్మిపెట్టే ఒకటే అడ్తి దుకాణం కాబట్టి, మా ఇద్దరికీ పోట్లాడుకోవడమే తప్ప విడిపోయే దారి లేదు. సీజన్‌లో మగవాళ్లు ఇంటికి వచ్చి చొక్కాలు దులిపితే వాకిలంతా పసుపే. దాన్ని ఎవరు ఊడవాలన్నది పొద్దున్నే మొదటి పంచాయితీ. నల్లా నీళ్లది రెండో పంచాయితీ. ఆమె గిన్నెలు కడిగిన నీళ్లు నా తులసి మొక్క వైపు వంచేది. నేను బట్టలు పిండిన నీళ్లు ఆమె గడప ముందు నుంచి పారించేదాన్ని. ఆమెను అక్కా అనే పిలిచేదాన్ని. ఆ మాటను ఎంత కారంగా అనవచ్చో ఎవరైనా నా దగ్గరే నేర్చుకోవాలి.

అలాంటి ఒక ఎండాకాలంలో మా పుట్టిల్లు మోర్తాడ్ నుంచి మా తమ్ముడు వచ్చాడు. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చినవాడు, మేనకోడలి కోసం గాలి ఊది నింపే ప్లాస్టిక్ నీళ్ల తొట్టి పట్టుకొచ్చాడు. నీలం రంగు, అంచు చుట్టూ బాతుల బొమ్మలు. మా గల్లీ వెనక గుట్ట రాళ్లు పగలంతా కాగి పొద్దుగూకినా సెగలు కక్కే రోజులు. మా అమ్మాయి అప్పటికి బడి ముఖం చూడలేదు. తొట్టి నింపానో లేదో, మా బావగారి కొడుకు చెప్పులు విసిరేసి అందులో దూకాడు. వాడు రెండో తరగతి పూర్తి చేశాడు గానీ ఇరవై దాటితే లెక్క తడబడేవాడు. వాళ్లమ్మ పలక వాడి ముందు, కట్టె తన పక్కన పెట్టుకుని చదివించేది. కట్టె వైపు చూస్తూ కూర్చుంటే ఎవరికి మాత్రం లెక్కలు వస్తాయి?

నేను బీఎస్సీ చదివి అంట్లు తోముకుంటున్నదాన్ని. ఆ తొట్టితో నాకు ఒక బడి దొరికినట్టయింది. సీసా మూతల మీద గోళ్లరంగుతో అక్షరాలు రాసి నీళ్లలో వదిలితే, పిల్లలిద్దరూ జల్లిగంటెతో చేపల్లా పట్టేవాళ్లు. పట్టిన అక్షరంతో ఒక మాట చెబితేనే అది వాళ్లది. చెంబుకు ఎన్ని గ్లాసులు, బకెట్‌కు ఎన్ని చెంబులు అని వంతులేసుకుని పోసేవాళ్లు. అలా పోస్తూ పోస్తూ వాడు ఒకరోజు నూరు దాటిపోయాడు. దాటిన సంగతి వాడికే తెలియదు. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి. తొట్టి చుట్టూ ఉన్నంతసేపూ వాడు ఆమె కొడుకన్న సంగతి నాకు గుర్తుండేది కాదు.

ఆమెకు బాగా గుర్తుండేది. “నల్లా నీళ్లన్ని నీ బిడ్డ ఆటకేనా? మేం తాగొద్దా?” అని లోపలినుంచే వినిపించేది. కొడుకును మాత్రం ఆపేది కాదు. మధ్యాహ్నం కాసేపు నిద్రపోవడానికి ఆమెకూ ఆ తొట్టి అవసరమే.

ఒకరోజు ఆమె నందిపేట్‌లోని పుట్టింటికి వెళ్లింది. ఎండ పూట నీడ ఆమె గడప ముందే ఉండేది కాబట్టి తొట్టిని అక్కడికే లాగాం. మొదట తేలేవి, మునిగేవి ఆట. కొబ్బరికాయ తేలింది, కోడిగుడ్డు మునిగింది, నిమ్మకాయలు తేలాయి. తర్వాత రంగుల ఆట. నీళ్లలో పసుపు కలిపి, పాన్‌లోకి వాడే సున్నం వేశాను. తొట్టి మొత్తం ఎర్రబడింది. “నీళ్లు ఏడ్సి ఏడ్సి ఎర్రగైనయి. గిప్పుడు నిమ్మకాయతోని నవ్వియ్యాలె” అన్నాను. పిల్లలు కిలకిలా నవ్వారు. సరిగ్గా అప్పుడే ఆమె షేర్ ఆటో దిగింది. తన గడప ముందు ఎర్రనీళ్లు, అందులో నిమ్మకాయలు, గుడ్డు, కొబ్బరికాయ, ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్న తన కొడుకు. పైగా ఆ రోజు అమావాస్యట. క్యాలెండర్ ఎవరు చూశారు?

“ఓ దేవుడో! నా గడప ముంగట మంత్రం జేసింది! నా కొడుకును గుంజుకునేతందుకు గింత పనికి దిగింది!” అని ఆమె సంచీ కింద పడేసి అరిచింది. గల్లీ అంతా గుమిగూడింది.

నాకు మాత్రం నోరు లేదా? “నిమ్మకాయలు గింత పిరమున్నయి. నీ మొకానికి దండుగ జేస్తనా అక్కా?” అన్నాను. గుంపులో ఎవరో నవ్వారు. ఆమెకు ఇంకా మండింది.

అప్పుడు వాడు, పాపం, నన్ను కాపాడదామనుకున్నాడు. “అమ్మా, మంత్రం కాదే. జర సూడు” అంటూ ఒక చెంబుతో ఎర్రనీళ్లు ముంచి అందులో నిమ్మచెక్క పిండాడు. ఎరుపు పోయి పసుపు వచ్చింది. ముందున్నవాళ్లు గబుక్కున వెనక్కి జరిగారు. “అయ్యో, నా కొడుకుకు గూడ నేర్పింది!” అని ఆమె వాడి చెంప ఛెళ్లుమనిపించి లోపలికి ఈడ్చుకుపోయింది. తలుపు మూసేదాకా వాడు నా వైపే చూశాడు. నన్ను తిట్టిన తిట్లు సగం మరిచిపోయాను గానీ, ఆ చెంపదెబ్బను మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

కొద్దిరోజుల్లోనే వాకిలి మధ్య గోడ మొదలైంది. అన్నదమ్ములిద్దరూ ఒక్క మాట అనుకోకుండా ఇటుకలు దింపించారు. ఇటుకలు నానబెట్టడానికి డ్రమ్ము కావాలని మేస్త్రీ అడిగితే మా ఆయన ఆ తొట్టి తీసిచ్చాడు. ఆ మనిషికి ఇల్లంతా వెతికితే అదే కనిపించింది! పిల్లలను విడదీసే ఇటుకలు పిల్లల తొట్టిలోనే నానాయి. మా అమ్మాయికి అదీ ఒక ఆటే. ఇటుకల్లోంచి బుడగలు వస్తుంటే “అన్నా, ఇటుక ఊపిరి తీస్తుంది!” అని కేక పెట్టింది. అవతలి కిటికీలోంచి వాడు బుడగలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వాళ్లమ్మ వచ్చి కిటికీ మూసేసింది. అన్న కనిపించకపోయేసరికి మా అమ్మాయికి కోపం వచ్చి, పసుపు డబ్బా తెచ్చి ఇటుకల మీద గుమ్మరించింది. మేస్త్రీ మంచి శకునమే అనుకుని అలాగే పేర్చుకుంటూ పోయాడు. సిమెంటు తగిలిన చోటల్లా ఆ పసుపు ఎర్రగా మారింది.

మర్నాడు ఆమె చూసి, గోడ నెత్తురు కక్కుతోందని లబలబలాడింది. నిమ్మకాయలు కోసి ఆ మరకల మీద రుద్దింది. రుద్దిన చోటల్లా ఎరుపు పోయి పసుపు తేలింది. “సూడుండ్రి, నిమ్మకాయకు దాని మంత్రం ఇరిగింది!” అని గల్లీకంతా చెప్పుకుంది. నేను పిల్లలకు నేర్పిన పాఠాన్ని తన చేతులతో తానే చేసి చూపించి, అందులోనూ నన్నే ఓడించానని సంబరపడింది. అలాంటి మనిషితో ఏం వాదిస్తాం? గోడకు ఇవతల ఒక్కదాన్నే కడుపు పట్టుకుని నవ్వాను. తర్వాత తొట్టి ఎత్తి చూస్తే ఇటుకల మొనలు గీరుకుని అడుగంతా చిరిగిపోయి ఉంది.

నిన్న ఎగ్జిబిషన్‌లో హెడ్మాస్టరు గారు వాడి భుజం తట్టి, “మస్తుంది. నీకెవలు నేర్పిండ్రు?” అని అడిగారు. వాడు ముందు వరుసలో తల్లిని చూశాడు. వెనక నన్ను చూశాడు. “ఎవలు నేర్పలే సార్. నేనే నేర్సుకున్న” అన్నాడు. ఆమె గర్వంగా తల ఊపింది. లేచి వెళ్లిపోదామని చెప్పులు వెతుక్కుంటున్నాను. ఇంతలో వాడు నిమ్మచెక్క చేతిలోకి తీసుకుని, బల్ల చుట్టూ మూగిన చిన్నపిల్లలతో, “నీళ్లు ఏడ్సి ఏడ్సి ఎర్రగైనయి. గిప్పుడు నిమ్మకాయతోని నవ్వియ్యాలె” అన్నాడు.

అక్షరం పొల్లుపోలేదు. ఆమెకు ఏమీ అర్థం కాలేదు, మళ్లీ చప్పట్లు కొట్టింది. ఇంటికి వచ్చి గోడ పక్కన కాసేపు నిలబడ్డాను. పసుపు రంగు ఎండకు నిలవదు. ఆ మరకలు ఆ ఎండాకాలమే వెలిసిపోయాయి. గోడ ఉంది, ఆమె మీద నా కోపమూ చెక్కుచెదరకుండా ఉంది. కానీ ఇన్ని ఎండాకాలాలు గడిచినా, ఆ పిల్లవాడి నోట్లో నా మాట మాత్రం రంగు పోలేదు.